ముడత లేని కట్టు

మాస్టారి కుట్టు మీద ఈగ వాలితే జారిపడుతుందని ఆ వీధిలో ఒక మాట ఉంది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, ఇన్నేళ్ళుగా దాన్ని పెంచి పోషిస్తున్నది మాత్రం మాస్టారే. కొత్తగా గుడ్డ పట్టుకొచ్చినవాళ్ళు ఎవరైనా సరే, కొలత పూర్తయ్యేలోపు ఆ ఈగని ఒకసారి జార్చి చూపించకపోతే ఆయనకి ఆ పూట ముద్ద దిగదు.

పనిమంతుడే, కాదనేవాళ్ళు లేరు. ముందు గది దుకాణం, వెనక గది కాపురం, మధ్యలో ఒక పరదా. పరదాకి ఇవతల పెద్ద బల్ల, మిషను, గోడకి వేలాడే కోట్లు, మెడలో టేపు వేసుకున్న మాస్టారు. అవతల కిటికీ పక్కన పీట మీద ఆయన భార్య. కొలవడం, కత్తిరించడం, కుట్టడం ఆయన వంతు. కాజాలు తియ్యడం, హుక్కులు పెట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వెయ్యడం, వదులు చెయ్యమని వచ్చిన పాతబట్టల కుట్లు విప్పడం ఆవిడ వంతు. అందుకే వీధంతా ఆవిడని కాజాలమ్మ అంటుంది. పట్టుకుని చూస్తే ఆవిడ వేళ్ళ చివర్లు జల్లెడలా ఉంటాయి, కానీ పట్టుకుని చూసినవాళ్ళెవరు?

వదులు చెయ్యడం గురించి కొంచెం చెప్పుకోవాలి. మంచి దర్జీ ఎవడైనా కుట్టు లోపల కాస్త గుడ్డ మిగులుస్తాడు. మనిషి రేపు ఒళ్ళు చెయ్యొచ్చు. అప్పుడా కుట్టు విప్పి, లోపలి గుడ్డని బయటికి తీసి కుట్టుకుంటే అదే రవికె మళ్ళీ సరిపోతుంది. మాస్టారు ఏకంగా రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాడు. "రెండు వేళ్ళు వదిలానమ్మా, మనిషన్నాక ఇవాళున్నట్టు రేపుంటారా" అని ఆడవాళ్ళకి చెప్పి మరీ ఇచ్చేవాడు. ఎంత పెద్ద మనసో అనుకుంటూ పక్క వీధుల నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఆ పెద్ద మనసు పరదా దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. కాజాలమ్మ రవికెలన్నీ ఆయన పెళ్ళినాటి కొలతతోనే కుట్టేవాడు. ఆ కొలత ఆయనకి నోటికొచ్చు, టేపు తియ్యాల్సిన పనే లేదు. ఆవిడ అప్పటి సన్నపిల్ల కాదు కదా, నడివయసు దాటింది, నడుమూ చేతులూ నిండాయి. పొద్దున్నే ఊపిరంతా వదిలేసి హుక్కులు పెట్టుకుని, ఆ తరవాత రోజంతా సగం ఊపిరితో కాజాలు తీసేది. చంకల కింద ఎర్రగా ఒరుసుకుపోయేది. బిగుతుగా ఉందండీ అని ఒకటి రెండుసార్లు అన్నది కూడా. కొలత తప్పలేదు, నువ్వే తప్పావు, కాస్త తగ్గు అని ఆయన మిషను తొక్కుకుంటూ అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. అలాంటి వాళ్ళతో వాదించడం కన్నా ఊపిరి బిగబట్టడమే సుఖమని ఆవిడ ఏనాడో తేల్చుకుంది.

అయినా ఆవిడకి లోలోపల ఒక ధైర్యం ఉండేది. అందరికీ వదిలినట్టే నా రవికెల్లోనూ రెండు వేళ్ళ గుడ్డ ఉంటుంది కదా, ఏదో ఒకరోజు మనసు మారి ఆయనే వదులు చేస్తాడులే అని. ఉందో లేదో కంటికి కనపడదు. ఆవిడవాటికి మాత్రం ఆయన లైనింగు వేసి, నాలుగు వైపులా మూసేసి, లోపలేదో బయటేదో తెలియనంత పనితనంతో ఆఖరు హుక్కు దాకా తనే పూర్తి చేసి ఇచ్చేవాడు. చూసిన ఆడవాళ్ళు ఎంత అదృష్టమే నీది అనేవాళ్ళు. ఆవిడ నవ్వేది, కొద్దిగానే, ఎందుకంటే గట్టిగా నవ్వితే హుక్కు ఊడుతుంది.

చేతిలో పనే కుట్లు విప్పడం, మరి తన రవికె తను విప్పుకోలేకపోయిందా అని మీరడగొచ్చు. అడగండి. పూర్వం వాళ్ళ దుకాణంలో సాయానికి ఒకాయన ఉండేవాడు. ఎవరో కోటు చెయ్యి పట్టేస్తోందంటే, మాస్టారు లేని సమయం చూసి, పాపం ఆ కోటు చెయ్యి కుట్టు విప్పి కాస్త వదులు చేశాడు. కోటువాడు సంతోషించాడు. మాస్టారు ఆ సాయంకాలమే సాయమాయన్ని గుమ్మం దాటించాడు. "నా కుట్టు విప్పే చెయ్యి ఈ కప్పు కింద ఉండకూడదు" అన్నాడు. సాయమాయన ఇంకో షాపు చూసుకుని హాయిగా ఉన్నాడు. ఆ మాట మాత్రం పోలేదు, ఆ కప్పు కింద ఉన్నది ఇంకెవరు గనక, కాజాలమ్మకే మిగిలింది.

ఆ ఇంట్లోకి ఒక వాననాడు తడిసి ముద్దయిన కుక్కపిల్ల వచ్చి బల్ల కింద దూరింది. తెల్లటి ఒళ్ళు, ఒక కంటి చుట్టూ గుండ్రంగా గోధుమరంగు మచ్చ. ఆవిడ దానికి గుండీ అని పేరు పెట్టింది. కోట్ల మీద వెంట్రుకలు పడతాయని మాస్టారు కొన్నాళ్ళు సణిగాడు. తరవాత దానితో ఒక ఉపయోగం కనిపెట్టాడు. టేపు చూపించి "కొలత" అనగానే ముందరి కుడికాలు ఎత్తి ఆయన చేతిలో పెట్టేట్టు నేర్పాడు. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. మా ఇంట్లో కుక్క కూడా కొలతిస్తుందని ఆయన ఈగ పక్కన కుక్కని కూడా చేర్చుకున్నాడు. ఆ విద్య అయిపోయాక గుండీ పరదా కింద నుంచి దూరి అవతలికి పోయి, కాజాలమ్మ పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. ఆవిడ దగ్గర ఏ విద్యా చూపించనక్కర్లేదు. ఆవిడకి ఈ లోకంలో, నువ్వు ఏం పని చేశావని అడక్కుండా దగ్గరికొచ్చే ప్రాణి అదొక్కటే.

ఒకనాడు పొద్దున్న అది కుంటుకుంటూ వచ్చింది. మురిక్కాలవ పక్కన ఎవరో సీసా పగలగొట్టి పోయారు. కుడి ముందరికాలికి, పంజా పైన, గాజుపెంకు కోసింది. రక్తం చూడగానే కాజాలమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. పని పక్కన పడేసి, నీళ్ళు కాచి చల్లార్చి, కాస్త ఉప్పు వేసి గాయం కడిగింది. పెంకుముక్క ఏదైనా మిగిలిందేమోనని వెలుతురుకి తిప్పి చూసింది. లోతుగా లేదు. మందులషాపాయన ఇచ్చిన మలాము రాసి, దూది పెట్టి, మెత్తటి గాజుగుడ్డ చుట్టి ముడి వేసింది. గుండీ కిక్కురుమనకుండా అంతా చేయించుకుని ఆవిడ మణికట్టు నాకింది.

అయితే కుక్కకాలు పైన లావు, కింద సన్నం. కట్టు నిలవదు. మధ్యాహ్నానికి జారింది, మళ్ళీ కట్టింది. సాయంత్రానికి మళ్ళీ జారింది. మర్నాడు ఆ వీధి బడిలో చెప్పే టీచరమ్మ గుడ్డ ఇవ్వడానికి వచ్చి కూర్చున్న సమయంలో గుండీ కట్టుని తోకలా ఈడ్చుకుంటూ దుకాణంలోకి వచ్చి, బల్ల మీంచి వేలాడుతున్న తెల్ల ప్యాంటుగుడ్డకి ఒక ఎర్రటి మరక రాసి పోయింది. టీచరమ్మ సరదా మనిషి. మాస్టారింట్లో కూడా కట్టు జారిపోతుందా అని నవ్వింది.

టీచరమ్మ నవ్వి ఊరుకుంది. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. టీచరమ్మ వెళ్ళగానే పరదా లాగి, ఆ గుడ్డపీలికలు అవతల పారేసి కుక్కని బల్ల మీదకి ఎక్కించమన్నాడు. మామూలుగా ఆ బల్ల మీద కాజాలమ్మ చెయ్యి పెట్టినా ఒప్పుకోడు. టేపు తీసి "కొలత" అన్నాడు. గుండీ కుంటికాలే ఎత్తి ఇచ్చింది. మోచేతి కింద, గాయం మీద, గాయం కింద, పంజా దగ్గర, నాలుగు చోట్లా కొలిచాడు. మంచి కాటన్ లైనింగు గుడ్డ తీసి, కాలు వంపుకి తగ్గట్టు మలిచి, ఒక చిన్న చేతితొడుగులాంటిది కుట్టాడు. జారకుండా పైనా కిందా ఎలాస్టిక్ వేశాడు. కాజాలమ్మ గాయానికి మలాము రాసి దూది పెట్టాక దాన్ని తొడిగి, పక్క కుట్టుని కాలి మీదే చేత్తో మూసేశాడు, లోపలి నుంచి వేసే కనపడని కుట్టు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో ఆ దేవుడికే తెలియాలి. ఒక్క ముడత లేదు.

ఇక చూడాలి ఆ వైభోగం. మర్నాడు టీచరమ్మని పని కట్టుకుని పిలిపించి చూపించాడు. ఆవిడ బడిపిల్లల మేజోడులా ఉందని మెచ్చుకుని ఫోనులో ఫొటో తీసుకుంది. ఎదురింటివాళ్ళు వచ్చారు, బేకరీ వాళ్ళు వచ్చారు. కుక్క కాలికి ఇంత పనితనమా అన్నారు. మాస్టారు కొలత అనడం, గుండీ కాలెత్తడం, చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోవడం. పరదా చాటు నుంచి కాజాలమ్మ కూడా చూసింది. నిజం చెప్పాలంటే ఆవిడకీ ఒక్క క్షణం గర్వమేసింది. ఆ పనితనం కాదనలేనిది మరి.

ఆ సాయంత్రం నుంచే గుండీ దాన్ని కొరకడం మొదలుపెట్టింది. కొరుకుతుంది, ఆవిడ మొహంలోకి చూస్తుంది, మళ్ళీ కొరుకుతుంది. దురద పెడుతోందేమోనండీ అంది ఆవిడ. కుక్కబుద్ధి ఎక్కడికి పోతుంది, మంచి గుడ్డ కనపడితే కొరక్కుండా ఉంటుందా అన్నాడు ఆయన. చొక్కా కాలర్లలో పెట్టే గట్టి బక్రం గుడ్డతో గరాటులాంటిది కుట్టి దాని మెడకి తగిలించాడు. ఇప్పుడు నోరు కాలికి అందదు. అదీ కుదురుగా వచ్చింది. దాన్ని చూడ్డానికీ జనం వచ్చారు.

గుండీ పాపం ఆ గరాటుతో పరదా కిందకి దూరలేకపోయేది. ఇవతలే నిలబడి పరదాకి తల కొట్టుకునేది. ఆవిడ లేచి పరదా ఎత్తితే లోపలికొచ్చి పడుకునేది, కానీ గడ్డం పాదం మీద ఆనదు, గరాటు అడ్డం. కాలు కింద పెట్టడం మానేసింది. ఆవిడ పంజా పట్టుకుని చూసింది. వేళ్ళు ఉబ్బి విడివిడిగా ఉన్నాయి. ఆ కాలు మిగతా వాటికన్నా చల్లగా ఉన్నట్టు తోచింది. రెండో కాలు పట్టుకుంది, మళ్ళీ దీన్ని పట్టుకుంది. అనుమానం కాదు, చల్లగానే ఉంది.

కాజాలమ్మ మాస్టారి దగ్గరికి పోయి నిలబడింది. ఆయన కోటు భుజానికి సుద్దతో గీత గీస్తున్నాడు.

"ఏవండీ, పట్టీ బిగిసిందేమో. ఒక్కసారి విప్పి చూస్తే మంచిది."

"నాలుగు చోట్ల కొలిచి కుట్టాను. నా కొలత ఎప్పుడు తప్పిందో చెప్పు."

"కొలత తప్పలేదండీ. కాలు వాచింది."

"వాచినది తగ్గుతుంది. తగ్గాక అదే సరిపోతుంది" అన్నాడు తల ఎత్తకుండా. "గుడ్డని అనకు."

ఆ మాట ఆవిడ అంతకు ముందు కూడా విన్నదే. తగ్గాక సరిపోతుంది. గదిలోకి వచ్చి కూర్చుంటే, తన రవికె కూడా ఆ పూట మరీ బిగుసుకున్నట్టు అనిపించింది. ఎవరితో చెప్పుకుంటుంది? మిరపకాయలు కొనే నెపంతో బయటికి వెళ్ళి మందులషాపాయనకి చెప్పింది. ఆయన మందులు అమ్మడమే గానీ వైద్యం చెప్పే మనిషి కాదు, ఆ సంగతి ఆయనే అన్నాడు. "ఎందుకైనా మంచిదమ్మా, ఇంటికెళ్ళగానే విప్పి చూడండి" అని మాత్రం అన్నాడు. అది చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆవిడకి మాత్రం తెలియదా?

ఇంటికొచ్చేసరికి మాస్టారు దారపు ఉండల కోసం బజారుకెళ్ళాడు. కాజాలమ్మ తన డబ్బాలోంచి కుట్లు విప్పే ముల్లు తీసుకుని నేల మీద కూర్చుంది. గుండీ తనంతట తనే వచ్చి కాలు ఆవిడ ఒళ్ళో పెట్టింది. కొలత అని ఎవరూ అనలేదు. ఆవిడ కుట్టు కోసం వేలితో తడిమింది. దొరకలేదు. గోటితో ఒత్తుతూ వెతికితే పంజా దగ్గర సన్నగా ఒక గట్టు తగిలింది. అక్కడ ముల్లు మొన పెట్టింది. ఒక్క దారం. ఒక్క దారం తెగితే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. ఆ పని ఆవిడ ఎన్ని వేలసార్లు చేసిందో. చెయ్యి మాత్రం కదల్లేదు. విప్పాక ఆయనకి ఏం చెప్పాలి, ఎన్నాళ్ళు మాట్లాడడు, వచ్చిన ప్రతివాళ్ళ ముందూ ఎన్నిసార్లు ఎత్తిపొడుస్తాడు, ఇదంతా ఆవిడ కళ్ళముందు వరసగా తిరిగింది. ఒకవేళ లోపల ఏమీ లేకపోతే? బాగానే ఉంటే? ఇంత రభసా ఉత్తపుణ్యానికే కదా.

బయట ఆయన బండి ఆగిన చప్పుడైంది. ఆవిడ ముల్లు డబ్బాలో పడేసి మూత పెట్టింది. గుండీ కాసేపు ఒళ్ళో కాలు అలాగే ఉంచి, తరవాత తనే తీసేసుకుంది.

ఆ తరవాత వాసన మొదలైంది. మొదట పరదా అవతల, తరవాత దుకాణంలోకి. మాస్టారు మురిక్కాలవ అనుకుని మున్సిపాలిటీని తిట్టాడు. గుమ్మంలో ఫినాయిలు పోయించాడు. కోటు వేసి చూసుకోవడానికి వచ్చినాయన ముక్కు పట్టుకుంటే, కుక్కని పెరట్లో కట్టెయ్యమని ఆవిడకి చెప్పాడు. అంటే వాసన దేనిదో ఆయనకి తెలిసింది. తెలిసీ విప్పమనలేదు, కట్టెయ్యమన్నాడు.

ఆవిడ పెరట్లోకి తీసుకెళ్ళింది. గుండీ మూడు కాళ్ళ మీద గెంతుతూ వచ్చి గోడవార కూలబడింది. కళ్ళెత్తి చూసే ఓపిక కూడా లేదు. కాజాలమ్మ అక్కడ ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు. తరవాత లోపలికి పోయి ముల్లు తెచ్చుకుంది. ఈసారి మాస్టారు దుకాణంలోనే ఉన్నాడు, మిషను చప్పుడు వినపడుతూనే ఉంది. గరాటు పీకి అవతల పారేసింది. కుట్టు వెతకలేదు. గుడ్డలోకే ముల్లు గుచ్చి బర్రున చీల్చింది.

తొడుగు మధ్యలో దూది ఊడి వచ్చింది. దాని కింద గాజుపెంకు గాయం చక్కగా మూసుకుపోయి ఉంది, పైన గులాబీరంగు కొత్త చర్మం. ఒక్క క్షణం ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తరవాత పంజా దగ్గరి కింది ఎలాస్టిక్ కోసం చూస్తే అది కనపడలేదు. వెంట్రుకల మధ్య కాలి చుట్టూ ఒక గాడి ఉంది. ఎలాస్టిక్ ఆ గాడి లోపల ఉంది, మాంసంలో. దాని కింద పంజా అంతా వేళ్ళ దాకా నల్లబడిపోయి ఉంది. ఆవిడ గోరు తగిలితే గుండీ అరవలేదు. అరవకపోవడం చూసే ఆవిడకి ఏడుపొచ్చింది.

దుప్పట్లో చుట్టి ఎత్తుకుని, దుకాణంలోంచే, మాస్టారి ముందునుంచే నడిచి బయటికి పోయి ఆటో పిలిచింది. ఎక్కడికి అని ఆయన అడిగాడు. ఆవిడ జవాబు చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆయన అడిగిన దానికి జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. చూడగానే పెదవి బిగించింది. పైదాకా పాకింది, కాలు భుజం దగ్గరికి తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పు అంది. కట్టు ఎవరు వేశారని అడిగింది. ఇంట్లోనేనమ్మా అంది కాజాలమ్మ. డాక్టరమ్మ కోప్పడదామని నోరు తెరిచి, ఎదురుగా ఉన్న మొహం చూసి గొంతు తగ్గించింది.

"గాయం మానిపోయిందమ్మా. మామూలు గుడ్డ చుట్టి వదిలేసినా మానేది. కాలు పోయింది కట్టు వల్ల."

కుక్కని లోపలికి తీసుకెళ్ళే ముందు, ఇకముందు ఏ కట్టు కట్టినా లోపలికి రెండు వేళ్ళు దూరాలి, రోజూ విప్పి చూడాలి అని చెప్పింది. రెండు వేళ్ళు అన్న మాట విని కాజాలమ్మ ఆవిడకేసి ఒక్క చూపు చూసింది. డాక్టరమ్మకి ఆ చూపు ఏమిటో అర్థం కాలేదు, అర్థం కావాల్సిన అవసరమూ లేదు.

గుండీ బతికింది. కొన్నాళ్ళకి ఇంటికొచ్చింది. మూడు కాళ్ళ మీద నాలుగడుగులు వేసి పడేది, లేచేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని వీధిలోవాళ్ళు జాలిపడ్డారు. ఇంకొందరు కుందేటి సామెత చెప్పుకుని చాటుగా నవ్వారు. కాజాలమ్మకి అదీ వినపడింది.

మాస్టారు కొద్దిరోజులు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. కుక్కకేసి చూడలేదు. తరవాత నెమ్మదిగా నోరు విప్పాడు. ఆ సీసాలో ఏ విషముందో అన్నాడు బేకరీ వాళ్ళతో. అంతవరకూ కాజాలమ్మ ఓర్చుకుంది. ఒక మధ్యాహ్నం టీచరమ్మ వచ్చి కుక్కని చూసి అయ్యో అయ్యో అంటుంటే పరదా ఇవతలి మాట అవతలికి స్పష్టంగా వినపడింది.

"ఆడవాళ్ళు ఇంట్లో ఉండి చూసుకోవాలి కదండీ. వాచిందని ముందే విప్పేసుంటే ఇంత దాకా వచ్చేదా? పని తెలిసిన మనిషే, కుట్లు విప్పడమే కదా దాని పని."

పరదా వెనక ఆవిడ సూది ఆగింది. ఎంత మాటన్నాడు. పోనీ అబద్ధమా అంటే, అందులో సగం నిజం ఉంది. అదే ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. విప్పాల్సింది. ముల్లు మొన ఆ గట్టు మీద పెట్టింది కూడా. కుక్క తనే తెచ్చి కాలు ఒళ్ళో పెట్టింది. ఆయన కుట్టినవాడు, తను విప్పనిది. ఇందులో ఎవరి పాపం ఎంతో కొలిచి చెప్పే టేపు ఎవరి దగ్గరుందీ?

టీచరమ్మ వెళ్ళిపోయాక మాస్టారు పరదా తొలగించుకుని లోపలికొచ్చాడు. మనసులో ఏముందో గానీ మొహం కాస్త మెత్తబడి ఉంది. డాక్టరమ్మ కట్టిన కట్టు అందవికారంగా ఉందని, భుజానికి చక్కగా ఒక టోపీలాంటిది కుట్టి పెడతానని, ఈసారి ఎలాస్టిక్ వెయ్యనని అన్నాడు. మెడలోంచి టేపు తీసి గుండీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కొలత" అన్నాడు.

గుండీ తోక ఊపింది. కూర్చున్నచోటే కుడిభుజం ముందుకి నెట్టింది. కట్టు కింద భుజపుటెముక పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. లేని కాలు ఎత్తి ఆయన చేతికి ఇవ్వబోతోంది. బరువు ఆగక పక్కకి ఒరిగి పడిపోయింది. పడి కూడా ఆయన మొహంలోకే చూస్తూ మళ్ళీ భుజం ఎగరేసింది.

మాస్టారి చేతిలో టేపు అలాగే వేలాడింది. కాజాలమ్మ లేచి వచ్చి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, చుట్టగా చుట్టి ఆయన జేబులో పెట్టింది.

"ఇంక దానికి కొలవడానికి ఏం మిగల్లేదండీ. మీరెళ్ళి పని చూసుకోండి."

గట్టిగా అనలేదు. ఆయన ఏదో అనబోయి, ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగిపోవడం చూసి, పరదా దాటి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.

ఆ పూట కట్టు మార్చాలి. ఇంట్లో గాజుగుడ్డ అయిపోయింది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ ఏదైనా పనికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కాజాలమ్మ పెట్టె తెరిచింది. అందులో తన రవికెలు మడతలు నలగకుండా ఉన్నాయి. పాతది ఒకటి తీసింది. వెంటనే చింపబుద్ధి కాలేదు. ముందు విప్పి చూడాలనిపించింది. ఎన్నేళ్ళుగానో దాచుకున్న ధైర్యం కదా, ఆ రెండు వేళ్ళ గుడ్డ. దాన్ని ఒక్కసారి కంటితో చూసుకుంటే చాలు. లోకంలో అందరు ఆడవాళ్ళకీ వదిలిన మనిషి, తన దగ్గర మాత్రం దాచి ఉంచాడే గానీ లేకుండా చెయ్యలేదని తెలిస్తే, ఆయన్ని క్షమించడానికి ఆ కాస్త చాలు. అంత చవగ్గా క్షమించడానికి కూడా సిద్ధంగానే ఉంది ఆవిడ.

ముల్లు తీసుకుని పక్క కుట్టు పట్టుకుంది. లైనింగు విప్పింది. లోపలి కుట్టు విప్పింది. వెలుతురుకి పెట్టి చూసింది.

ఏమీ లేదు. కుట్టు పక్కనే, దారం అంచు వెంబడి, కత్తెరతో శుభ్రంగా కత్తిరించేసి ఉంది. ఒక్క పోగు కూడా మిగలకుండా. పొరపాటున మరిచిపోయింది కాదది, మరిచిపోయేవాడు అంత సమంగా కత్తిరించడు. ఎవరు విప్పినా, ఎప్పుడు విప్పినా, ఇక వదులు కావడానికి వీల్లేకుండా చేశాడు.

రెండోది తీసింది. మూడోది తీసింది. అన్నీ అంతే.

ఆవిడ ఏడవలేదు. ఒంటి మీదున్న రవికె హుక్కులు పైనుంచి కింద దాకా ఒక్కొక్కటే తీసేసి, పైన దుప్పటి కప్పుకుంది. ఊపిరి పీల్చుకుంది. ఎంత లోతుకి వెళ్ళిందంటే తలతిరిగినట్టయి గోడకి ఆనుకోవాల్సి వచ్చింది. తరవాత విప్పిన రవికెని పీలికలుగా చింపడం మొదలుపెట్టింది. మంచి గుడ్డ, చింపుతుంటే పెద్ద చప్పుడు చేసింది. పరదా అవతల మిషను ఆగింది. ఆవిడ ఆపలేదు.

గుండీ పాకుతూ వచ్చి ఆవిడ పాదం మీద గడ్డం ఆనించింది. ఆవిడ పాత కట్టు తీసి, భుజం తుడిచి, మలాము రాసి, ఆ పీలికలు ఒంటి చుట్టూ తిప్పి వదులుగా కట్టింది. ముడతలు పడ్డాయి. ముడి కూడా వికారంగా వచ్చింది. కట్టు కింద రెండు వేళ్ళు పెట్టి చూసింది. దూరాయి.